చీటీలో నా వరుస

ఆదివారం వేసుకునే తెల్లచొక్కా కాలర్ ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన గుమ్మంలోంచి అడిగారు. "చీటీ రాశావా?"

"రాస్తాను."

"రేపే కదా. నా బదిలీ సంగతి మర్చిపోకు. ఊరికే బదిలీ అని రాస్తే చాలదు, హెడ్డాఫీసుకి అని రాయి. దేవుడికైనా వివరంగా చెప్పాలి."

మా సంఘంలో ఏడాది మొదటి ఆదివారం ప్రతి కుటుంబం ఒక చీటీ ఇస్తుంది. ఆ ఏడాది ఎవరు ఏం సాధించాలనుకుంటున్నారో అందులో రాస్తాం. అందరం మోకరిస్తే పాస్టరుగారు ఒక్కొక్కరి తలమీద చెయ్యి పెట్టి, వాళ్ల వరుస చదివి ప్రార్థిస్తారు. మా ఇంటి చీటీ పదహారేళ్లుగా నేనే రాస్తున్నాను. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయట.

కిందటేడు ఆయన ప్రమోషన్, అత్తయ్య మోకాళ్లు, పాప పరీక్షలు అయ్యాక పాస్టరుగారి చెయ్యి నా తల మీదికొచ్చింది. చీటీ తిప్పి చూసిన చప్పుడు వినబడింది. వెనక కూడా నా పేరున ఏమీ లేదు. "ఈ తల్లిని దీవించు ప్రభువా" అని పక్క కుటుంబం దగ్గరికి వెళ్లిపోయారు. బయట చెప్పులు వేసుకుంటుంటే పాస్టరమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "ఏమ్మా, నీకు దేవుడితో పనేమీ లేదా?" అన్నారు. నవ్వేశాను. ఆ మాట మాత్రం ఏడాది పొడుగునా నన్ను వదల్లేదు.

నేను ల్యాబులో హెల్పర్ని. గాజుగొట్టాలు కడుగుతాను, రక్తం నమూనాలకు లేబుళ్లు అంటిస్తాను. కొత్తగా వచ్చే టెక్నీషియన్లకు మిషను ఎక్కడ మొరాయిస్తుందో చూపిస్తాను. ఇప్పటికి తొమ్మిదిమందికి చూపించాను. తొమ్మిదో అమ్మాయి నా దగ్గర నేర్చుకున్న నెలకే, "ఆంటీ, టీ" అంది. రిపోర్టు మీద సంతకం పెట్టాలంటే సర్టిఫికెట్ ఉండాలి. దానికి రెండేళ్ల కోర్సు, శనివారాలు క్లాసులు. దరఖాస్తుకి సోమవారం ఆఖరు.

ఇంట్లో చెప్పినప్పుడు ఆయన టీవీ మీంచి చూపు తిప్పలేదు. "ప్రార్థన చెయ్యి. దేవుడి చిత్తమైతే దారి ఆయనే చూపిస్తాడు" అన్నారు. అత్తయ్యయితే, "నలభై ఒకటో ఏట బడికెళ్తావటే? శనివారం వంట దేవదూతలు దిగొచ్చి చేస్తారా?" అన్నారు.

ప్రార్థన చేశాను. మూడు వారాలపాటు, పొద్దున్నే కుక్కరు పెట్టి, మొదటి విజిలు వచ్చేలోపు వంటింట్లోనే మోకరించాను. ఇది నా గర్వమైతే తీసెయ్యి ప్రభువా, నువ్వు పెట్టిన కోరికైతే ధైర్యం ఇవ్వు. స్వరమేమీ వినబడలేదు, కలా రాలేదు. కోరిక మాత్రం రోజురోజుకీ నిలకడగా తయారైంది. నిన్న అక్కడే ఒక సంగతి గుర్తొచ్చింది. ఆయన ప్రమోషన్ కోసం నేను ఏడు శుక్రవారాలు ఉపవాసమున్నాను. ఆయన ముందు దరఖాస్తు ఇచ్చేసి, ఆ తర్వాతే ప్రార్థన పని నాకు అప్పగించారు. దేవుడి చిత్తమేమిటని అప్పుడు ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు. నా విషయంలో వద్దన్న గొంతు ఎవరిదా అని జాగ్రత్తగా విన్నాను. అది పైనుంచి రాలేదు, హాల్లోంచి వచ్చింది. ఇన్నేళ్లూ ఆ రెండూ ఒకటే అనుకున్నాను. విజిలు వచ్చింది. కన్నీళ్లు తుడుచుకుని స్టవ్ తగ్గించాను.

ఇప్పుడు చొక్కా హ్యాంగరుకి తగిలించి, బల్ల దగ్గర కూర్చుని చీటీ తీశాను. మొదటి వరుసలో నా పేరు రాశాను. పక్కన టెక్నీషియన్ కోర్సు, శనివారాలు, రెండేళ్లు అని, ఆయన చెప్పినట్టే వివరంగా రాశాను.

ఆయన భుజం మీంచి తొంగిచూశారు. "ఇదేంటి? నా వరుసేదీ?"

"కింద చోటు వదిలాను. మీకేం కావాలో మీరే అడగండి."

"నా రాత కోడిగీతలని తెలుసు కదా!"

"దేవుడు ఎవరి రాతైనా చదువుతాడు లెండి" అని పెన్ను ఆయన చేతిలో పెట్టాను. దరఖాస్తు నింపడానికి సొరుగులోంచి ఇంకో పెన్ను తీసుకున్నాను.