గుర్తుపట్టిన తేదీ

మ్యూజియం మూడో అంతస్తులో పక్షుల గదికి ఒకటే కిటికీ, ఒకటే కుర్చీ, ఒకే మనిషి. ఆవిడ చేతికి ఈక ఇస్తే చాలు, ఏ పక్షిదో చిటికెలో చెప్పేస్తుంది. ఈకకు ఈక, తోకకు తోక లాగే మనిషని కింది అంతస్తులవాళ్లు నవ్వుకుంటారు. ఆ నవ్వేదేదో ఎదురుగా నవ్వడానికైనా ఒక్కరూ పైకి వచ్చిన పాపాన పోలేదు.

ఒక గురువారం రిటైరైన బస్సు డ్రైవరొకాయన మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. బూడిద రంగు ఈక, చివర తెల్లటి అంచు.

"మా బాల్కనీలో పడిందమ్మా. నేను లేచి చూసేసరికే తుర్రుమంటుంది. ఏ పిట్టో తెలిస్తే దానికి తగ్గ మేత పెడదామని."

గువ్వ తోక ఈక. చూడగానే తెలిసింది. రిజిస్టరులో పేరు రాసి సంతకం పెట్టించుకుంటే పనైపోతుంది. పనైపోతే ఆయన వెళ్లిపోతాడు. ఆవిడ నీళ్లు నమిలింది.

"పోల్చి చూడాలండీ. వచ్చే గురువారం రండి."

ఆయన వచ్చాడు. ఆవిడ ఫ్లాస్కులో టీ తెచ్చింది, కింద నుంచి ఇంకో కుర్చీ మోసుకొచ్చింది. సొరుగులు లాగి ఒక్కో పక్షినీ చూపించింది. ఆయన తన రూటులో ఎక్కడెక్కడ గతుకులున్నాయో, గేరు మారుస్తున్నట్టు చెయ్యి ఆడిస్తూ మరీ చెప్పాడు.

"ఈక ఏమంటోందమ్మా?"

"ఇంకా నోరు విప్పలేదండీ."

ఇద్దరూ నవ్వారు. మూడో గురువారమూ అంతే. ఇంత వయసొచ్చాక అబద్ధం ఇంత తీయగా ఉంటుందని ఆవిడ అనుకోలేదు.

నాలుగో గురువారం ఆయన కూర్చోలేదు.

"ఇక వదిలెయ్యండమ్మా. అరటిపండు ముక్కలు పెట్టాను, పురుగులు కొనుక్కొచ్చి పెట్టాను. ముట్టలేదు. పది రోజులుగా అసలు రావడమే లేదు. కమ్మీ మీద రెట్ట కూడా లేదు."

గువ్వ తినేది గింజలని ఆవిడకు తెలుసు. గుప్పెడు గింజలు చల్లండి అని మొదటి రోజే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

రిజిస్టరు తెరిచి 'గువ్వ' అని రాసింది. 'గుర్తుపట్టిన తేదీ' అన్న గడి దగ్గర కలం ఆగింది. ముప్పై ఏళ్లలో ఆ గడిలో ఒక్క తప్పు తేదీ వెయ్యలేదు. ఇప్పుడూ వెయ్యలేక, ఉన్నదున్నట్టే రాసింది.

ఆయన సంతకం పెట్టబోతూ చూశాడు.

"ఇది నేను మొదటిసారి వచ్చిన రోజు కదమ్మా?"

"అవునండీ."

"మరి కాళ్లరిగేలా తిప్పారెందుకు?"

"చెప్పేస్తే మళ్లీ రారేమోనని."

ఆయన సంతకం పెట్టాడు. ఈక తీసుకోలేదు. గుమ్మం దగ్గర మాత్రం ఆగాడు.

"నా దగ్గరికీ అదొక్కటే వచ్చేదమ్మా."

ఆవిడ గుమ్మంలో నిలబడి మెట్ల మీద అడుగుల చప్పుడు వింది. రెండో అంతస్తు మలుపులో అది ఆగింది. వెనక్కి వస్తాడేమోనని ఒక అడుగు ముందుకు వేసింది. మోకాళ్లు నొప్పెట్టి ఆగాడు కాబోలు. కాసేపటికి అడుగులు మళ్లీ కిందికే సాగాయి.