బాపు లైబ్రరీకి పోయిండు

చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద వానకు జారిపడి కిషన్ రావు చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పడ్డవాడు నొప్పికి అరవాలి కదా, అరవలేదు. ఆటోలో నారాయణగూడ నర్సింగ్ హోమ్‌కు తీసుకుపోతున్న కోడలు నళిని చేత ఒట్టు వేయించుకున్నాడు. ఈ సంగతి ఉమాకాంత్‌కు తెలియకూడదు.

ఉమాకాంత్ ఆయన కొడుకు, నళిని భర్త. సముద్రం మధ్యలో చమురు తీసే ప్లాట్‌ఫాంల మీదికి మనుషులను చేరవేసే హెలికాప్టర్ పైలట్. చుట్టూ నీళ్ళు, మధ్యలో మన డాబా అంత జాగా, గాలి ఎటు తోస్తుంటే అటు సర్దుకుంటూ అక్కడ దించాలి. "గాల్లో ఉండేటోనికి ఇంటి పరేషాన్ పెట్టొద్దు," అన్నాడు కిషన్ రావు. మన ఇళ్ళల్లో ఇదొక పాత జబ్బు. దూరాన ఉన్నవాడికి చెడ్డ కబురు చెప్పకపోవడమే ప్రేమ అనుకుంటాం.

ఉమాకాంత్ రోజూ పొద్దున్నే డ్యూటీకి ముందు ఫోన్ చేసి తండ్రితో రెండు మాటలు మాట్లాడతాడు. మొదటి రోజు మామయ్య స్నానం చేస్తున్నాడంది నళిని. ఆపరేషన్ అయ్యాక పెద్దాయన గొంతు పీలగా అయిపోయింది, ఫోన్ ఇస్తే దొరికిపోతాడు. అందుకని రెండో రోజు గుడికి పోయాడంది. మూడో రోజుకు ఆమె దగ్గర సరుకు అయిపోయి, లైబ్రరీకి పోయాడంది. ఇవాళ కూడానా అని అడిగాడు ఉమాకాంత్. ఆమె అవునంటే, సరే అని పెట్టేశాడు.

పెట్టేశాక గుర్తొచ్చింది ఆమెకు. ఆ రోజు బోనాల సెలవు. లైబ్రరీకి తాళం. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, పాపం నళినికి ఆ విద్య రాదు. తిరిగి చేస్తే ఫోన్ స్విచాఫ్. అంటే హెలికాప్టర్ ఎక్కేశాడన్నమాట. తను ఆడిన అబద్ధాన్ని మనసులో మోసుకుంటూ ఆ మనిషి సముద్రం మీదికి పోయాడనుకుంది ఆమె. నర్సింగ్ హోమ్ వరండాలో కుర్చీలో కూలబడి, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కింది.

గంట తరవాత తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఆడగొంతు. ఉమాకాంత్ పనిచేసే చోట చీఫ్ పైలట్‌నని, పేరు రాగిణి అని చెప్పింది. ఇలా మొదలయ్యే ఫోన్లు ఎలా ముగుస్తాయో పైలట్ల భార్యలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయనకేమైందని అరిచింది నళిని.

"కంగారు పడకండమ్మా. ఆయన నా పక్కనే ఉన్నారు. ఫోన్ ఆపి హెలికాప్టర్ దాకా వెళ్ళి వెనక్కొచ్చేశారు, ఇవాళ ఎగరలేదు. తనకైతే మీరు నిజం చెప్పరని, నన్ను అడగమన్నారు. మీ మామగారు బతికే ఉన్నారా?"

నళినికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. లోపలికి పరుగెత్తి ఫోన్‌ను మామ చెవికి ఆనించింది. అవతల ఫోన్ చేతులు మారింది.

"బాపూ?"

"ఉన్న బిడ్డా. చెయ్యి ఇరిగింది, గంతే."

"మూడొద్దుల సంది నీ గొంతు ఇనలే. పోయినవనుకున్న," అన్నాడు ఉమాకాంత్. "నిన్న దిగేటప్పుడు పక్కన పైలట్ ఎత్తు చెప్తుంటే నాకు ఇనబడనే లేదు బాపూ. ఆయన చూసుకున్నడు కాబట్టి సరిపోయింది. అందుకే ఇయ్యాల నాతోని కాదన్న."

అయితే నౌకరీ పోయినట్టేనా అని మెల్లగా అడిగాడు కిషన్ రావు. ఉమాకాంత్ ఫోన్ రాగిణికి ఇచ్చాడు. ఆమె విడమరిచి చెప్పింది. ఒకప్పుడు ఇవాళ నా వల్ల కాదంటే పిరికివాడనేవారు, అందుకని నోరు మూసుకుని ఎగిరేవాళ్ళు. కిందటేడు అలా ఎగిరిన ఒక హెలికాప్టర్ వెంట్రుకవాసిలో బయటపడింది. అప్పటినుంచి మనసు బాగాలేదని ఎవరన్నా అంటే, కారణం అడగకుండా ఇంకొకరిని పంపుతున్నారు. ఈ పొద్దున ఉమాకాంత్ ఆ మాట అన్నాడు. అన్నందుకు అతనికి చెడ్డపేరేమీ రాదు, ఆమె అతన్ని మెచ్చుకుంది కూడా.

పెద్దాయన గుండె మీంచి బండ దిగింది. నళినికైతే మూడు రోజుల తరవాత ఆకలేసింది. కిందికి దిగి, ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్‌లో ఉస్మానియా బిస్కట్లు ముంచుకుని, ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా కడుపునిండా తింది.

ఆ తరవాత ఎగరబోయే ముందు పైలట్లను అడిగే ప్రశ్నల్లో రాగిణి ఇంకొకటి చేర్చింది. ఇంటి సంగతులన్నీ తెలుసా అని. తన చెయ్యి విరిగితేనే ఆ రూలు పుట్టిందని గొప్పగా చెప్పుకుంటూ కిషన్ రావు లైబ్రరీలో ఎవరినీ పేపర్ చదువుకోనివ్వడం లేదు.

ఇప్పుడు పొద్దున ఫోన్ మోగితే ఆయనే ముందు ఎత్తుతాడు. కట్టు కింద దురద, కాలిపోయిన మిక్సీ, రాని నల్లా, పక్కింటి కాశీవిశ్వనాథంతో బండి పెట్టుకునే జాగా కోసం లొల్లి, అన్నీ పూసగుచ్చినట్టు చెబుతాడు. చాలు బాపూ, టైమైంది అని ఉమాకాంత్ నవ్వుతాడు.

"ఆగు బిడ్డా, ఇంకోటున్నది. నళినికి రాత్రి సంది జలుబు." కిషన్ రావు కోడలి వైపు చూసి, ఇంకేమైనా ఉందా అని కళ్ళతో అడిగాడు. ఆమె లేదని తల ఊపింది. "ఇగ దాచింది ఏం లేదు. పోయి ఎగురు."