బావ చూశాడు

మనిషి చేతులారా తెచ్చుకునే పెద్ద ప్రమాదాలు ఎన్నేళ్లకోసారి ముంచుకొస్తాయో అంచనా కట్టడం ఆమె ఉద్యోగం. ఆఫీసులో అందరికీ లెక్కలక్క. విషవాయువు ట్యాంకు పేలే అవకాశం పదిలక్షల్లో ఒక వంతని ఆమె తేల్చాకే ఫ్యాక్టరీ గోడ పక్కన ఇళ్లు లేచాయి. మూడో ఇంట్లో సొంత చెల్లెలే దిగింది, ఇద్దరు పిల్లలతో.

ఆ పదిలక్షలు ఎలా పుట్టాయంటారా? ప్రెజర్ మీటరు చూడటం ఒక మనిషి వెయ్యిసార్లలో ఒకసారి మరిచిపోతాడు. ఇద్దరు విడివిడిగా చూస్తారు కనుక వెయ్యిని వెయ్యితో హెచ్చవేసింది. కాగితం మీద ఏనుగునైనా ఎగరెయ్యొచ్చు, అడ్డొచ్చేదెవరు! ఆమె మాత్రం ట్యాంకు దగ్గర అడుగు పెట్టింది లేదు.

ఏడాది తర్వాత లెక్క సరిచూడమంటే, ఒక ఉదయం మొదటిసారి వెళ్లింది. షెడ్డులో రిజిస్టరు తెరిచింది. ఉదయం డ్యూటీ గడిలో "బావ చూశాడు" అని ఉంది. సాయంత్రం గడిలోనూ "బావ చూశాడు". ఎన్ని పేజీలు తిప్పినా అదే పాట.

"ఎవరయ్యా ఈ బావ?"

ఉదయం డ్యూటీ ఆపరేటరు ఇకిలించాడు. "సాయంత్రం డ్యూటీవాడండీ. చుట్టరికం కలుపుకున్నాం లెండి. నాకు వాడు బావ, వాడికి నేను బావ."

"మరి మీటరు చూసేదెవరు?"

"బావ చూస్తాడు కదండీ!" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఇద్దరు కాదు, ఒక్కడూ లేడు! లెక్కలక్క ట్యాంకు దగ్గరికి పరుగెత్తింది. మీటరు అద్దం మీద దుమ్ము గోరుమందాన పేరుకుంది. తుడిచింది. ముల్లు పచ్చగీత దగ్గరే బుద్ధిగా నిలబడి ఉంది. వేలితో తట్టింది. పట్టేసిన ముల్లు ఒక్క ఉదుటున కదిలి, ఎర్రగీత దాటి చివరికంటా పోయింది. ట్యాంకు కింద ఎక్కడో సన్నగా బుస్సుమంటోంది.

"సైరన్ నొక్కవయ్యా!" అని అరిచి, చెల్లెలికి ఫోన్ చేసింది. నాలుగోసారికి గానీ ఎత్తలేదు.

"సైరన్ మోగుతోందక్కా, వింటున్నాం," అంది చెల్లెలు తాపీగా.

"పిల్లల్ని తీసుకుని పరుగెత్తవే! వీధిలో అందరికీ చెప్పు!"

"అందరూ ఇప్పుడే మన ఇంటికొచ్చి అడిగారులే, వెళ్లిపోదామా అని. భయం లేదు, ఇళ్లకు పోయి తలుపులేసుకోండి, మా అక్క చూసింది అని చెప్పి పంపేశాను."

"నేను చూడలేదే!" గొంతు చించుకుంది లెక్కలక్క. "నేనూ చూడలేదే తల్లీ, పరుగెత్తవే!"