పసుపు పొట్టులో ఏడు గీతలు

అరచేతిలో వెచ్చన.

ఇప్పుడే పెట్టిన గుడ్డు. తడి ఆరీ ఆరని గుడ్డు. నల్లపెట్ట గంప దిగి పెర్కిట్ ఊరంతా వినేలా అరుస్తుంటే, వర్షిత ఆ గుడ్డును రెండు చేతుల మధ్య దాచుకొని వాకిట్లో నిలబడింది.

ఎంత వెచ్చన! ఎవరో ఊపిరి ఊది చేతిలో పెట్టినట్టు...

పెళ్లై వచ్చి నాలుగు నెలలు. నిజామాబాద్‌లో మూడో అంతస్తులో పెరిగిన పిల్ల. అక్కడ గుడ్డు అట్ట మీద వచ్చేది. చల్లగా, తెల్లగా, ఏ కోడిదో తెలియకుండా వచ్చేది.

ఇక్కడ గుడ్డుకు తల్లి ఉంది. పుట్టిన పొద్దు ఉంది. వంటింట్లో సొంత చోటు ఉంది.

పొయ్యికి దూరంగా, ఎండ పడని మూలన, వెడల్పు మూతి మట్టికుండ. దాని నిండా పసుపు పొట్టు. ఎండిన పసుపు కొమ్ములను డ్రమ్ములో వేసి తిప్పితే రాలే పొట్టు. ఊరంతా దాన్ని పారబోస్తుంది. అత్తమ్మ నీలవ్వ మాత్రం దాచుకుంటుంది. ఆ పొట్టులో గుడ్లు. సన్నటి కొన కిందికి, వెడల్పు వైపు పైకి. ఒకదానికొకటి తగలకుండా, బడిలో పిల్లల్లా.

వాటిలో ఏడింటి మీద బొగ్గుతో ఒక్కో గీత.

ఆ గీత ఎర్రపుంజు గీత.

తెల్లారకముందే గల్లీని లేపే పుంజు. పిల్లిని తరిమిన పుంజు. కొత్త కోడలిని మొదటి రోజే స్నానాలగది దాకా ఉరికించిన పుంజు. నీలవ్వ తన తల్లిగారింటి నుంచి కొంగులో కట్టుకొచ్చిన పిల్లల సంతతి అది. ఆరు రోజుల కింద హైవే దాటబోయింది. సగమే దాటింది. పసుపు బస్తాల లారీ ఆగకుండా ఆర్మూర్ వైపు పోయింది.

ఆ సాయంత్రమే నీలవ్వ బొగ్గు ముక్క తీసుకుంది. పుంజు ఉన్ననాడు పెట్టినవి ఏడు. వాటికి గీత. అవి పొదుగుకు. ఆ తర్వాత పెట్టేవి కూరకు. నల్లపెట్ట పొదుగుకు కూర్చునేదాకా పొట్టులోనే ఉండాలి, నీళ్లు తగలకుండా.

ఈ సంగతి కోడలికి ఎవరూ చెప్పలేదు.

"మా తల్లిగారింటికి పోయొస్త బిడ్డా. గా జాతి పుంజుపిల్ల ఒక్కటన్న దొర్కుతదేమో సూస్త. ఇల్లు పైలం, గుడ్లు పైలం" అని నీలవ్వ ఖాళీ గంప పట్టుకొని నందిపేట్ ఆటో ఎక్కింది.

ఇల్లంతా వర్షితది!

ఊడ్చింది. తుడిచింది. డబ్బాలన్నీ దించి, కడిగి, ఎక్కించింది. పాట పాడుకుంటూ మూలకు వచ్చింది. కుండలో చూసింది. పసుపు పూసుకొని, రెట్ట అంటుకొని, బొగ్గు మరకలతో... పన్నెండు గుడ్లు!

నల్లా కింద పెట్టింది. సబ్బు పెట్టింది. పచ్చటి నీళ్లు పారాయి. నల్లటి నీళ్లు పారాయి. గుడ్లు మెరిశాయి.

ఫ్రిజ్ తలుపులో పన్నెండు గుంటలు. చేతిలో పన్నెండు గుడ్లు. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. ఎంత ముచ్చట!

ఫోటో తీసి మొగుడికి పంపింది. ముఖేష్ ఆర్మూర్ మార్కెట్ యార్డులో కాంటా దగ్గర పని చేస్తాడు. రెండు గంటల తర్వాత ఫోన్.

"కడిగినవా?"

"సబ్బు పెట్టి మరీ కడిగిన. చూడు ఎట్ల మెరుస్తున్నయో!"

అటునుంచి బస్తాలు పడే చప్పుడు. హమాలీల కేకలు. తర్వాత ముఖేష్ గొంతు, చిన్నగా...

"వర్షితా, అమ్మ ఆటో దిగకముందే నువ్వు నిజామాబాద్ బస్సెక్కు."

గీతల సంగతి అప్పుడు తెలిసింది.

ఆమె పరుగెత్తింది. ఫ్రిజ్ తలుపు తీసింది. రెండు గంటల చలి గుడ్లకు పట్టేసింది. అరచేతిలో గులకరాయి. ఇంకో గులకరాయి. పన్నెండు గులకరాళ్లు. చున్నీలో చుట్టి ఒడిలో పెట్టుకొని కూర్చుంది. ఏది ఎవరిదో తెలియదు. అన్నీ ఒకేలా తళతళ...

వాకిట్లో నల్లపెట్ట ఖాళీ గంపలో కూర్చుంది. ఈకలన్నీ ఉబ్బించుకొని, కదలకుండా, దగ్గరికి పోతే పొడుస్తూ. పొదుగుకు వచ్చింది! ఇన్నాళ్లు ఆగి, ఇవాళే!

నీలవ్వ ఎండ వాలకముందే వచ్చింది. గంప ఖాళీ.

"దొర్కలే. గా జాతే లేదు ఊర్ల. అందరు తెల్లకోళ్లనే సాకుతున్నరు" అంటూ లోపలికి వచ్చి, కోడలి ఒడి చూసి ఆగింది.

ఒక గుడ్డు తీసి వాసన చూసింది. సబ్బు వాసన.

"బీఎస్సీ చదివినవ్ గద. గుడ్డుల పిల్ల బొమ్మ రికార్డుల గీసిన అంటివి. గుడ్డును సబ్బు పెట్టి తోమొద్దని ఏ పేజీల లేదా?"

"లేదు అత్తమ్మా..."

"గట్లయితే గా బుక్కు రాసినోడు కోళ్లను సాకలే. లే. గోరువెచ్చగ నీళ్లు పెట్టు."

"మళ్లా నీళ్లా?"

"కడగనే కడిగితివి. ఇంకో మునుగు మునిగితే ఏం పోతది?"

స్టీలు తాంబాళం. గోరువెచ్చటి నీళ్లు. నీలవ్వ ఒక్కో గుడ్డును నీళ్లలోకి జారవిడిచింది. ఒకటి అడుగున పక్కకు పడుకుంది. కదల్లేదు.

"గిది మొన్నటిది. కూరకు."

ఇంకొకటి వెడల్పు వైపు మెల్లగా పైకెత్తింది. నిద్ర లేస్తున్నట్టు.

"గిది పాతది. లోపల గాలి పెరిగింది. గిది మా పుంజుది."

వర్షిత తాంబాళం మీదికి వంగిపోయింది. పడుకునేవి... లేచేవి... లేచినవి నాలుగు! ఐదు! ఆరు! చివరి గుడ్డు మాత్రం పడుకోదు, లేవదు. ఊగుతుంది. ఊగుతుంది...

నీలవ్వ నవ్వింది. పుంజు పోయాక మొదటిసారి.

"గిదీ వానిదే! రోడ్డు దాటాల్నా వద్దా అని గట్లనే ఊగేటోడు."

ఏడు!

పిల్లలవుతాయా అని వర్షిత అడగబోయింది. నీలవ్వే చెప్పింది. గుడ్డు మీద కండ్లకు కనబడని పొర ఉంటుందని, కడిగితే అది పోతుందని, పోయినదాన్ని మళ్లీ పూయలేమని.

"నీ చేతుల్తోనే పెట్టు. ఏమైతదో నువ్వే సూడు."

గంపలో కొత్త గడ్డి. గడ్డిలో ఓ ఇనుప మొల, ఓ బొగ్గు ముక్క, ఉరుముకు గుడ్లు అదరకుండా. వర్షిత ఏడు గుడ్లు పెట్టింది. నల్లపెట్ట వేలి మీద ఒక్క పోటు పొడిచి, ఏడింటినీ రెక్కల కిందికి లాక్కుంది.

రోజులు!

ఆర్మూర్ దారి పొడవునా పసుపు. గాలిలో పసుపు, ఆటో సీట్ల మీద పసుపు, ముఖేష్ చొక్కా కాలరుకు పసుపు. వర్షిత వేళ్లలో రోజుల లెక్క.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం వంటింటి కిటికీకి దుప్పటి కట్టింది. తలుపు మూసింది. ఫోన్ లైటు మీద గుడ్డు పెట్టింది.

ఖాళీ. పచ్చటి వెలుతురు, అంతే.

రెండోది ఖాళీ. మూడోది...

"అత్తమ్మా! నరాలు!"

ఎర్రటి దారాలు. సన్నగా, చెట్టు వేర్లలా, నడుమ ఒక నల్లటి చుక్క. ఆ చుక్క కదిలింది! రికార్డులో పెన్సిలుతో గీసింది ఇదే. మార్కుల కోసం గీసింది. అది కదులుతుందని అప్పుడు తెలియదు.

"నా కండ్లు మసక. ఎన్నున్నయో నువ్వే చెప్పు."

"మూడు. ఏడింట్ల మూడు."

మిగతా నాలుగూ ఆమె కడిగి పోగొట్టిన గుడ్లు. ఆ మాట నీలవ్వ అనలేదు. వర్షిత అనుకుంది. అనుకొని, ఆ మూడింటినీ వెచ్చన పోకముందే గంపకు చేర్చింది.

ఇరవై ఒకటో రోజు.

పొద్దెక్కింది. ఏమీ లేదు. నీలవ్వ గంప పక్కనే చేటలో బియ్యం ఏరుతోంది. అందులో రాయి లేదు, అయినా ఏరుతోంది. ముఖేష్ యార్డు నుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు.

అప్పుడు నల్లపెట్ట గొంతు మారింది. ఎప్పుడూ వినని గొంతు. లోపలికి, కిందికి, ఎవరితోనో మాట్లాడుతున్న గొంతు...

వర్షిత చేయి పెట్టింది. పొడిపించుకుంది. ఒక గుడ్డు తీసి చెవికి ఆనించింది.

టక్.

తన గుండేమో అనుకుంది.

టక్. టక్.

పెంకు మీద నువ్వుగింజంత చుక్క. చుక్క చుట్టూ సన్నటి పగులు.

"అత్తమ్మా! పుంజా? పెట్టా?"

"తలుపన్న తీయనియ్యి పిల్లా దాన్ని! బయటికొచ్చి, మెడకు ఈకలొస్తే గద తెలిసేది. పెట్టు, తల్లి కింద పెట్టు, సల్లబడ్తది."

పెడతాను. ఒక్క క్షణం. ఇంకొక్క క్షణం...

వంటింటి మూలన కుండలో కొత్త పసుపు పొట్టు. హైవే మీద లారీలు పోతూనే ఉన్నాయి.

అరచేతిలో వెచ్చన.

ఇప్పుడది తడుతోంది.