రంగు కింది బాణాలు

వెంకటరామి జీపు యాభై దాటితే వణుకుతుంది. యాభై లోపల దానంత బుద్ధిమంతురాలు లేదు. దాటిందా, సీటు కింద మొదలై నడుము దాకా ఎక్కుతుంది వణుకు.

సండూరు నుంచి దోణిమలై పోయే దారిలో నెట్టికంటప్ప షెడ్డు ఉంది. ఖనిజం లారీల ధూళికి షెడ్డు రేకులూ, పనిముట్లూ, నెట్టికంటప్ప గడ్డమూ ఒకే ఎరుపు. గనులు జోరుగా నడుస్తున్న ఆ ఏళ్లలో ఆ దారిలో మెకానిక్కుకి పని లేదంటే చేతులు లేవనే అర్థం. నెట్టికంటప్పకు పని తక్కువ లేదు, పొగరూ తక్కువ లేదు. చప్పుడు వింటే చాలు, బండి రోగం చెప్పేస్తాడని పేరు. ఆ పేరును ఊరంతా మోసింది సగం ఊరివాళ్లయితే, మిగతా సగం తనే.

వెంకటరామిది సిరుగుప్ప దగ్గర కాలువ కింద వరి పండించిన కుటుంబం. ఇప్పుడు ఆయనకు ఇరవై టిప్పర్లు, రెండు కొత్త కార్లు. అయినా తండ్రి కొన్న, నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ జీపును మాత్రం వదల్లేదు. వాన పడితే గని దాకా ఎక్కేది అదొక్కటే.

"గేర్‌బాక్సు పోయినట్టుండాది. ఈ హులిగెప్ప కొండ మీద ఫోర్ వీల్ వేస్తాడు, రోడ్డు మీదికి వచ్చినా తియ్యడు. తాగితే అట్లనే ఉంటాది. నువ్వు విప్పి చూసి ఒక్క మాట చెప్పప్పా, రేపట్నుంచి వానికి తాళాలు ఇయ్యను" అన్నాడు వెంకటరామి.

హులిగెప్ప పక్కనే నిలబడి విన్నాడు. పదకొండేళ్లుగా ఆ జీపుకు అతనే డ్రైవరు. టిప్పర్లు నిలిపే యార్డు వెనక ధణి వెంకటరామి ఇచ్చిన ఒంటి గదిలో పెళ్లాం బిడ్డలతో ఉంటాడు. తాళాలు పోతే గదీ పోతుంది.

"పా, చూద్దాం" అని నెట్టికంటప్ప జీపు ఎక్కాడు. హులిగెప్ప నడిపాడు. లారీల వరుస తెగిన చోట యాభై ఐదు తాకగానే అద్దంలో వెనక లారీ రెండు లారీలయింది.

"న్యూట్రల్ చెయ్యి."

చేశాడు. ఇంజను ఊరుకుంది కానీ వణుకు ఊరుకోలేదు. అంటే ఇంజను పాపం లేదు. తిరిగే వాటిలోనే ఏదో ఉంది.

షెడ్డుకు వచ్చి చక్రాలు ఊడదీశారు. రిమ్ముల లోపల ఎర్రమట్టి పిడచలుగా గట్టిపడి ఉంది. ఆ కొండల్లో తిరిగే ప్రతి బండికీ ఉండే జబ్బే అది. ఉలితో కొట్టి గంపెడు మట్టి తీశారు. మళ్లీ నడిపితే వణుకు కాస్త తగ్గింది గానీ పోలేదు.

ఇలాంటి జీపుల్లో ఒక సుఖం ఉంది. వెనక చక్రాలను తిప్పే షాఫ్టు విప్పి పక్కన పడేసి, ఫోర్ వీల్ వేస్తే అదే గేర్‌బాక్సుతో ముందు చక్రాలే లాగి బండిని నడిపిస్తాయి. నెట్టికంటప్ప అదే చేశాడు. యాభై, అరవై, అరవై ఐదు. జీపు నున్నగా పోయింది.

"గేర్‌బాక్సు బంగారంలా ఉండాది" అన్నాడు నెట్టికంటప్ప.

"హౌదన్నా" అని తలూపాడు హులిగెప్ప. అతని ముఖంలో ఆశ్చర్యం లేదు. నెట్టికంటప్ప దాన్ని అప్పుడు పట్టించుకోలేదు.

ఇక మిగిలింది నేల మీద పడున్న షాఫ్టు. రెండు కొసల్లోని క్రాసులు, అంటే కీళ్లు, పట్టుకుని ఆడించాడు, కదల్లేదు. రాతి మీద దొర్లించాడు, వంకర లేదు. అది ఒకదానిలో ఒకటి దూరే రెండు ముక్కల షాఫ్టు. ముక్కకొక బాణం గుర్తు ఉంటుంది. బిగించేటప్పుడు ఆ రెండు బాణాలూ ఎదురెదురుగా రావాలి. రాకపోతే ఎంత మంచి షాఫ్టయినా బండిని కుదిపేస్తుంది.

బాణాల కోసం షాఫ్టు మీది రంగు గీకబోయి నెట్టికంటప్ప ఆగిపోయాడు. పసుపు రంగు అప్పటికే రెండు చోట్ల రూపాయి బిళ్లంత గీకి ఉంది. రెండు చోట్లా బాణం కనిపిస్తోంది. ఒకటి పైన ఉంటే ఇంకొకటి పావు తిప్పు దూరంలో పక్కకు చూస్తోంది. గీకిన చోట ధూళి పేరుకుని ఎర్రబడింది. ఎవరో ఎన్నో వారాల కిందటే చూసి పోయారన్నమాట.

ఆ రంగు పూసింది తనే.

మొన్నటి దసరాకు, ఆయుధపూజ నాడు జీపు కొత్త క్రాసుల కోసం వచ్చింది. పొద్దు గుంకేలోగా పానాలన్నీ కడిగి పూజలో పెట్టాలి. పెట్టాక మర్నాటి దాకా వాటిని ఎవరూ ముట్టరు. యార్డులో పూజకు జీపే ముందు నిలబడాలని వెంకటరామి ఫోను మీద ఫోను. అందంగా ఉంటుందని షాఫ్టుకు పసుపు రంగు కొట్టి, పచ్చి రంగు మీదే రెండు ముక్కలూ దూర్చి, బిగించి, ఆ పానాకే కుంకుమ పెట్టాడు. బాణాలు రంగు కిందికి పోయాయన్న ధ్యాసే లేదు.

మూడో నాడు హులిగెప్ప వచ్చాడు. "అన్నా, బండి వణుకుతాండాది."

"వణికేది బండి కాదప్పా, నీ చేతులు. రాత్రి తాగేది తగ్గించు" అన్నాడు తను, నలుగురు లారీ డ్రైవర్ల ముందర. అందరూ పగలబడి నవ్వారు. హులిగెప్ప తాగడు. కానీ నవ్వుకున్న మాట నడుస్తుంది. అది ధణి చెవి దాకా నడిచిందని నెట్టికంటప్పకు ఇప్పుడు తెలిసింది.

ఇప్పుడేం పోయింది? షాఫ్టును పావు తిప్పు తిప్పి బిగిస్తే పది నిమిషాల పని. క్రాసులు అరిగినాయని చెబితే ధణి నమ్ముతాడు. ఇరవై టిప్పర్ల పని ఈ షెడ్డులోనే ఉంటుంది. అరగడానికి కారణం డ్రైవరే అనుకుంటాడు, అంతే. నెట్టికంటప్పకు భయం వేసింది. తనమీద తనకు అసహ్యమూ వేసింది.

"ఏమప్పా, గేర్‌బాక్సేనా?" అంటూ వచ్చాడు వెంకటరామి.

"గేర్‌బాక్సుకు ఏమీ కాలేదు ధణీ. షాఫ్టు తప్పు బిగించినారు."

"ఎవురు?"

"నేనే. దసరాకు. ఇందులో హులిగెప్పది ఏమీ లేదు. తాగుతాడని నేనన్న మాట కూడా అబద్ధమే."

వెంకటరామి షాఫ్టు వంకా, అతని వంకా చూశాడు.

"నా టిప్పర్ల షాఫ్టులు బిగించేది కూడా నువ్వే కదప్పా?"

"హౌదు."

"వాటిని ఇంకొకరితో చూపిస్తా" అన్నాడు. జీపు తాళాలు హులిగెప్ప చేతిలో పెట్టి తన కొత్త కారెక్కి వెళ్లిపోయాడు.

బాణాలు కలిపి బిగించాక ఇద్దరూ మళ్లీ రోడ్డెక్కారు. యాభై దాటింది, అరవై దాటింది. సీటు కింద ఏమీ లేదు.

"నువ్వు ముందే గీకి చూసినావు కదా. ధణికి ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు నెట్టికంటప్ప.

హులిగెప్ప రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"తాగినోని మాట ఎవురింటారన్నా?"

అద్దంలో వెనక లారీ నంబరు ఒక్కొక్క అంకె విడివిడిగా కనిపిస్తోంది. నెట్టికంటప్ప షెడ్డు వచ్చేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.