మార్కు పదహారో అధ్యాయం

ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమకాలం మొదలయ్యేలోగా మార్కు సువార్త స్టడీ పెట్టుకోవాలని పనసపుట్టు సంఘం అనుకుంది. నడిపించే పని ఏంజెలిన్ టీచర్‌కి అప్పజెప్పారు. ఆమె పెదబయలు దగ్గర ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెబుతుంది. సొంతూరు భీమిలి. కొండమీదికి ఉద్యోగానికొచ్చి, ఇక్కడి సంఘంలోనే కలిసిపోయింది.

"మంచి వ్యాఖ్యానం ఒకటి చూసి తీసుకురామ్మా," అన్నాడు పాస్టరు బర్నబా. "ఇంగ్లీషైనా పర్లేదు. నువ్వు చదివి మాకు తెలుగులో చెప్పొచ్చు. కాకపోతే మనవాళ్ళకి ధైర్యమిచ్చేది చూడు."

అలా అన్నప్పుడు ఆయన చూపు వెనక వరసలో గోడకి ఆనుకుని కూర్చున్న ధర్మ వైపు వెళ్ళింది. ఏంజెలిన్ కూడా అటే చూసి తల దించుకుంది.

ధర్మ మొన్నటిదాకా సంఘ పెద్ద. కిందటి దసరా సెలవులకి కూతురు బేబి హాస్టల్ నుంచి ఇంటికొచ్చింది. పదో తరగతి. ఏంజెలిన్ దగ్గరే చదువుకునేది. సాయంత్రం కట్టెలకని వెళితే కాలిమీద నాగుపాము కాటేసింది. తల్లి రత్న డోలీ కట్టమని కేకలేసింది. అంబులెన్సు కింద రోడ్డు దాకానే వస్తుంది, అక్కడిదాకా మోసుకుపోవాలి. పక్కింటివాళ్ళు వెదురుబొంగు, దుప్పటి తెచ్చారు కూడా. ధర్మ ఆపాడు. అంతకు కొద్దిరోజుల ముందే ఊళ్ళో ఉజ్జీవ కూటాలు జరిగాయి. వచ్చిన ప్రసంగీకుడు మార్కు సువార్త చివర్లో ఉన్న మాటలు తీసుకుని, నమ్మినవాళ్ళు పాముల్ని చేత్తో పట్టుకున్నా వాళ్ళకేమీ కాదని ప్రభువు మాటిచ్చాడని గట్టిగా చెప్పి వెళ్ళాడు. ధర్మ ఆ మాట పట్టుకున్నాడు. ఇప్పుడు మందు కోసం పరిగెడితే ఆయన్ని నమ్మనట్టే అన్నాడు. మోకాళ్ళూని ప్రార్థన మొదలుపెట్టాడు. పిల్ల కనురెప్పలు వాలిపోయి, ఊపిరి అందక రొప్పుతుంటే అప్పుడు తనే భుజానేసుకుని కిందికి పరిగెత్తాడు. రోడ్డు చేరకముందే పోయింది.

తర్వాత ధర్మ పెద్దరికం వదిలేశాడు. ప్రభువు బల్ల దగ్గరికి రొట్టె, ద్రాక్షరసం తీసుకోడానికి రావడం మానేశాడు. ఎందుకని పాస్టరు అడిగితే, "నాది సాలని ఇశ్వాసం అయ్యగారూ. నేను గట్టిగా నమ్మి ఉంటే గుంట బతికేది," అన్నాడు. వారంలో సగం రోజులు ఉపవాసం ఉండేవాడు. మనిషి ఎండుకుపోయాడు. రత్న మాత్రం ఏమీ అనేది కాదు. అన్నం వండి అతని ముందు పెట్టి, తను పెరట్లోకి వెళ్ళి తినేది.

ఏంజెలిన్ విశాఖపట్నం వెళ్ళినప్పుడు లాజరస్ గారి ఇంటికి వెళ్ళింది. ఆయన చాలాకాలం వేదాంత కళాశాలలో కొత్త నిబంధన బోధించి రిటైరయ్యారు. ఆమె తండ్రికి స్నేహితుడు. ఇంట్లో కుర్చీల మీద కూడా పుస్తకాలే.

"ఎవరికమ్మా? చదువుకున్నవాళ్ళకా?"

"కొండమీద సంఘానికండీ. నేను చదివి చెప్పాలి."

ఆయన రెండు తీసి బల్లమీద పెట్టారు. ఒకటి విదేశాల్లో పేరున్న ఓ ప్రసంగీకుడిది. పెద్ద అక్షరాలు, ప్రతి వచనానికీ ఓ కథ, ఓ అన్వయం. రెండోది పండితుడిది. సగం పేజీ వచనం మీద చర్చ, మిగతా సగం అడుగున చీమల బారులాంటి చిన్న అక్షరాలు, మధ్యలో గ్రీకు మాటలు.

"ఎలా ఎంచుకోవాలండీ?" అంది ఏంజెలిన్.

"ముందుమాట చదవకు. అందరూ బాగానే రాస్తారు. నీకు కష్టంగా ఉన్న చోటేదో అది తెరువు. అక్కడ రాసినాయన ఏం చేస్తున్నాడో చూడు. దాటేస్తున్నాడా, నిలబడుతున్నాడా? తనతో ఏకీభవించనివాళ్ళ మాట సరిగ్గా చెబుతున్నాడా? తెలీనిది తెలీదని ఒప్పుకుంటున్నాడా? అంతే."

ఆమె రెండిట్లోనూ పదహారో అధ్యాయం తెరిచింది. మొదటి పుస్తకం ఆ పాముల మాట దగ్గర ఏ అనుమానమూ పెట్టుకోలేదు. నిజమైన విశ్వాసిని విషం ముట్టదని రాసి, ఎవరో మిషనరీ తప్పించుకున్న కథ చెప్పి ముందుకెళ్ళిపోయింది. రెండోది అక్కడ పేజీలకి పేజీలు ఆగింది. మనకి దొరికిన అతి పాత రాతప్రతుల్లో సువార్త ఎనిమిదో వచనంతో, స్త్రీలు సమాధి దగ్గర్నుంచి వణుకుతూ పారిపోవడంతో ఆగిపోతుందని, పాముల సంగతితో సహా తర్వాతి మాటలు మార్కు రాసినవి కావని ఎక్కువమంది పండితులు అనుకుంటున్నారని, కాదనేవాళ్ళ కారణాలు ఇవీ అని వివరించింది.

ఏంజెలిన్ వేలు ఆ పేజీ మీదే ఆగిపోయింది.

"ఏమైందమ్మా?"

ఆమె బేబి సంగతి చెప్పింది. లాజరస్ గారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నారు. "క్లాసులో ఈ అధ్యాయం ఎన్నోసార్లు చెప్పాను. పరీక్షలో ప్రశ్నగా కూడా ఇచ్చాను," అన్నారు. ఆ తర్వాత రెండో పుస్తకాన్ని ఓ సంచిలో పెట్టి ఆమె చేతికిచ్చారు.

పనసపుట్టు వచ్చాక ఆమె ముందు పాస్టరుకి చూపించింది. ఆయన విని, గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరిగాడు.

"ఇది వద్దమ్మా. ఆ మాట నమ్మి కూతుర్ని పోగొట్టుకున్నాడాయన. ఇప్పుడు ఆ మాటే అసల్లో లేదేమో అని చెబితే నిలబడగలడా?"

"ఇప్పుడు నిలబడ్డాడా అయ్యగారూ? తన విశ్వాసం చాలక పిల్ల చచ్చిపోయిందని తిండి మానేశాడు. అది తప్పని చెప్పొద్దా?"

"చెబితే ఏం మిగులుతుందో ఆలోచించావా?" పాస్టరు గొంతు తగ్గించాడు. "విశ్వాసం చాల్లేదు అనుకుంటే అది ఆయనకీ దేవుడికీ మధ్య సంగతి. విశ్వాసం సంగతే కాదంటే, 'డోలీ ఆపింది నేనే' అన్న మాటొక్కటే ఆయనకి మిగులుతుంది."

ఏంజెలిన్ ఇంతదాకా ఆలోచించలేదు. ఒక భారం దింపడమే అనుకుంది గాని, దాని కింద ఇంకోటి ఉందని చూసుకోలేదు. స్టడీ మొదలైంది. మొదటి అధ్యాయాలు ఆ పుస్తకం చూసే చెప్పింది. చివరి అధ్యాయం ఊసు ఎవరితోనూ ఎత్తలేదు.

ఓ శనివారం రత్న ఇంటికి వెళ్ళింది. రత్న వాకిట్లో టార్పాలిన్ మీద కాఫీ గింజలు ఎండబోసి కాలితో కలియబెడుతోంది. ఏంజెలిన్ పక్కన కూర్చుని, పుస్తకంలో ఏముందో, పాస్టరు ఏమన్నాడో అంతా చెప్పింది. రత్న పని ఆపలేదు.

"పుస్తకం ఏటి సెప్తాదో నాకెందుకు టీచరమ్మా. ఆ పొద్దు డోలీ కట్టండని నేను సెప్పాను. అరిసి సెప్పాను. అది ఆయనకి ఇనబడిందో నేదో నాకిప్పటికీ తెల్దు." కాలితో గింజల్ని ఇంకోసారి కలియబెట్టింది. "రోజూ దేవుడి కాడ తప్పు ఒప్పుకుంటన్నాడు. నాకు మాత్రం ఒక్కనాడూ ఏటీ సెప్పనేదు."

"మరి ఆయనకి ఇది చదవమంటావా, వద్దంటావా?"

రత్న టార్పాలిన్ అంచు సరిచేసింది. "సదువు. అందరిముందూ వొద్దు. ముందు ఆయనకొక్కడికీ సదువు."

ఏంజెలిన్ ఆ మాట పాస్టరుకి చెప్పింది. ఆయన, "ఒక్కదానివే వెళ్ళకు. నేనూ వస్తాను. ఆ ప్రసంగీకుణ్ణి ఊళ్ళోకి పిలిచింది నేనే," అన్నాడు.

ధర్మ వాలులో పసుపు తవ్వుతున్నాడు. ఇద్దర్నీ చూసి గునపం పక్కన పెట్టి, చేతులు గడ్డికి తుడుచుకుని నిలబడ్డాడు. ముగ్గురూ గట్టుమీద కూర్చున్నారు. ఏంజెలిన్ పుస్తకం తెరిచి ఒక్కో వాక్యం చదువుకుంటూ తెలుగులో చెప్పింది. ఏదీ దాచలేదు, ఏదీ కలపలేదు. పండితులు కాదన్నచోట కాదని, తెలీదన్నచోట తెలీదని చెప్పింది.

"అయితే ప్రభువు మాట ఇవ్వనేదా?" అన్నాడు ధర్మ.

"ఇచ్చాడని గట్టిగా చెప్పలేమంటున్నాడు ఈ పుస్తకం రాసినాయన. ఒకవేళ ఇచ్చినా, మందు మానుకోమని అందులో ఎక్కడా లేదు."

"మరి నా ఇశ్వాసం?"

"దానికీ పాప పోవడానికీ సంబంధం లేదు ధర్మా," అన్నాడు పాస్టరు. "నీ విశ్వాసం తక్కువై పాప పోలేదు. నేను ముందే ఈ మాట చెప్పాల్సింది. నాకు తెలీదు, తెలుసుకోనూ లేదు."

ధర్మ మట్టిలో ఉన్న పసుపు కొమ్ము ఒకటి తీసి, దాని వేళ్ళు ఒక్కోటీ తుంచుతూ కూర్చున్నాడు. అతని వేళ్ళన్నీ పచ్చగా ఉన్నాయి.

"అయితే డోలీ కట్టుంటే బతికేది."

ధర్మ పాస్టరు వైపు తిరిగాడు.

"మీరు సెప్పండయ్యగారూ."

"బతికుండొచ్చు," అన్నాడు పాస్టరు.

ధర్మ లేచి నిలబడ్డాడు. "ఇది సెప్పడానికా కొండెక్కి వొచ్చారు? ఇన్నాళ్ళూ దేవుడి కాళ్ళు పట్టుకుని ఏడుత్తన్నాను. ఇప్పుడు ఎవరి కాళ్ళు పట్టుకోమంటారు? పొండి. ఆ పుస్తకం పట్టుకుని బేగి పొండి."

వాళ్ళు దిగి వచ్చేశారు. దారిలో పాస్టరు ఓ రాయిమీద కూలబడి ముఖం కండువాతో కప్పుకున్నాడు. ఏంజెలిన్ పుస్తకం గుండెకి అదుముకుని పక్కనే నిలబడింది. తప్పు చేశానేమో అన్న అనుమానం ఆమెని వదల్లేదు. ధర్మ ఆ ఆదివారం గుడికి రాలేదు. తర్వాత ఆదివారమూ రాలేదు. పుస్తకం లాజరస్ గారికి తిరిగి ఇచ్చేద్దామా అనుకుంది.

ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టలాదివారానికి ముందు రత్న తనంతట తనే స్కూలు దగ్గరికి వచ్చింది. పిల్లలు భోజనాలకి వెళ్ళారు. వరండాలో చివరిమెట్టు మీద కూర్చుని, పైట చెంగు వేలికి చుట్టుకుంటూ మొదలుపెట్టింది.

"నిన్న అన్నం పెడితే ముట్టనేదు. లేసి వొచ్చి నా ముందు నిలబడ్డాడు. 'నువ్వు సెప్పావు. డోలీ కట్టమన్నావు. నాకు ఇనబడింది. ఇనబడే ఆపాను' అన్నాడు."

ఏంజెలిన్ వచ్చి ఆమె పక్కన మెట్టుమీద కూర్చుంది.

"కొట్టాను టీచరమ్మా. రెండు సేతుల్తోనీ ఆయన గుండెలమీద కొట్టాను. నా సేతులు పడిపోయేదాకా కొట్టాను. కదల్నేదు. అలాగే నిలబడ్డాడు. ఆ తరవాత ఇద్దరం కింద కూకుని ఏడిసాం. గుంట పోయిన కాడ్నుంచీ ఇద్దరం కలిసి ఏడవనేదు. ఎవురిది ఆళ్ళదే."

"ఇప్పుడెలా ఉన్నాడు?"

"తిన్నాడు. కొంచెం తిన్నాడు." రత్న లేచింది. "సమించానని సెప్పనేదు నేను. సెప్పలేను ఇప్పుడు. ఆయనా అడగనేదు."

ఈస్టర్ తర్వాతి వారం స్టడీ పదహారో అధ్యాయానికి వచ్చింది. ధర్మ వచ్చాడు. వెనక వరసలో కాదు, రత్న కూర్చున్న చాప చివర కూర్చున్నాడు. ఏంజెలిన్ ఎనిమిదో వచనం దాకా చదివి ఆగింది. పాత రాతప్రతులు ఇక్కడితో ఆగిపోతాయని, ఆ ఆడవాళ్ళు భయపడి ఎవరికీ ఏమీ చెప్పలేదన్నదే చివరి మాటని చెప్పింది.

గదిలో గుసగుసలు లేచాయి. ఓ పెద్దాయన, బైబిలులో ఉన్నమాటని లేదనడం పాపం కాదా అని అడిగాడు. ఉన్నమాటని తీసేయమని ఎవరూ అనట్లేదని, అది ఎక్కడ్నుంచి వచ్చిందో తెలుసుకుంటున్నామని ఏంజెలిన్ నెమ్మదిగా చెప్పింది. ఆయనకి నచ్చలేదు. లేచి వెళ్ళిపోయాడు. ఆయన వెంట ఇంకొందరు వెళ్ళారు.

అప్పుడు ధర్మ అడిగాడు. "ఆ ఆడోళ్ళు ఎవురికీ సెప్పకపోతే మరి మనదాకా ఎలాగొచ్చింది?"

దానికి పండితుడు ఏమన్నాడో చూద్దామని ఏంజెలిన్ పేజీ తిప్పబోయింది. అంతలో రత్న అంది, "ఎప్పుడో సెప్పుంటారు. అంత భయంలో నోరు బేగి పెగలదు."

ధర్మ ఆమె వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు.

పాస్టరు లేచి, ఇకమీదట ఎవర్నైనా పామో పురుగో కుడితే ముందు డోలీ కట్టాలని, ప్రార్థన దారిలో చేసుకుందామని చెప్పాడు. చెప్పి కూర్చోబోతుంటే ధర్మ పిలిచాడు.

"అయ్యగారూ, ఆ ప్రసంగాలాయన పై ఊళ్ళోకి వొస్తన్నాడంట గదా."

"అవును. వచ్చే నెల."

"ఆడొచ్చేలోగా ఓమారు నన్ను తీసుకెళ్ళండి. మీరు సెప్తే పుస్తకంలో మాటనుకుంటారు. నేను సెప్తాను."

వాళ్ళు వెళ్ళారు. రత్న కూడా వెళ్ళింది. పై ఊరి గుడి రేకుల షెడ్డు. జనం పలచగా వచ్చారు. ధర్మ లేచి నిలబడి తన పేరు, ఊరు చెప్పాడు. కూతురి పేరు చెప్పాడు. కట్టెలకి వెళ్ళిన సంగతి దాకా చెప్పి ఆగిపోయాడు. ఎంత ప్రయత్నించినా తర్వాతి మాట రాలేదు. ముందు వరసలో ఒకామె ఒళ్ళో ఉన్న పిల్లని దగ్గరికి లాక్కుంది.

రత్న లేచి వెళ్ళి అతని పక్కన నిలబడింది. "నేను డోలీ కట్టమన్నాను," అంటూ మొదలుపెట్టి, అంతా చెప్పింది.