మూడో గొట్టం చల్లగానే ఉంది

కొక్కెం అప్పటికే వ్యాను ముందు బంపరు కిందికి దూరింది. గొలుసు బిగుస్తోంది. తుక్కు వ్యాపారి తన లారీ పక్కన నిలబడి లీవరు మీద చెయ్యి వేశాడు.

"ఆపండి! ఆ లీవర్ మీంచి చెయ్యి తియ్యండి ముందు!"

స్కూటర్ని గోడకి ఆనించేసి గేటులోంచి పరిగెత్తుకొస్తున్న మరదల్ని చూడగానే డీజిల్ బావకి ప్రాణం లేచొచ్చింది.

ఆ పేరు మరదలు పెట్టిందే. ఎంత రుద్ది కడుక్కున్నా అతని చేతులకి డీజిల్ వాసన పోదు. ఒకసారి ఆ మాట లాండ్రీలో పనివాళ్ల చెవిన పడింది. ఆ తర్వాత అతన్ని అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. లాండ్రీ భార్యది. ఆవిడ యజమాని, అతను డ్రైవరు. ఆ మాట చెప్పుకోవడానికి అతనికెప్పుడూ నామోషీ లేదు. నామోషీ అంతా చలి మొదలైనప్పటినుంచి ఈ పాత వ్యానే తెచ్చిపెడుతోంది.

పొద్దున్నే తాళం తిప్పితే చాలు, సైలెన్సర్లోంచి తెల్లటి పొగ తన్నుకొచ్చి పెరడంతా కమ్మేస్తుంది. కాసేపటికి ఇంజను వేడెక్కి, తనకేమీ తెలియనట్టు బుద్ధిగా ఆడుతుంది. ఈలోపు జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. తీగల మీద ఆరేసిన దుప్పట్లన్నీ ఆ పొగ పీల్చేస్తాయి. నిన్న నర్సింగ్ హోమ్ వాళ్లు మూటలు మూటలుగా వెనక్కి పంపించారు. రోగులు వాసన భరించలేకపోతున్నారట. వ్యానుకి ఆ మూటలే మరణశాసనం అయ్యాయి. భార్య ఇంకో మాట మాట్లాడకుండా తుక్కు వ్యాపారికి ఫోన్ చేసేసింది.

"నువ్వెందుకొచ్చావే?" అంది భార్య చెల్లెల్ని చూసి.

"మీ ఆయన ఫోన్లో ఏడ్చాడు."

"నేనేం ఏడవలేదు," అన్నాడు డీజిల్ బావ.

"ముక్కు చీదావుగా బావా?"

"జలుబు."

"సరే, జలుబే." మరదలు సంచీ కింద పెట్టింది. వ్యాన్లు బాగుచేసే షెడ్డులో ఆమె పెద్ద మెకానిక్కు. "అక్కా, ఒక్క గంట ఇవ్వు. పొగ లేకుండా స్టార్ట్ చేసి నీ కళ్లముందు చూపిస్తా. చూపించలేకపోతే ఆ గొలుసు నేనే బిగిస్తా."

భార్య చెల్లెల్ని చూసింది, వ్యాన్ని చూసింది, మొగుడి ముఖం చూడకుండా జాగ్రత్తపడింది. "ఒక్క గంట. మళ్లీ పొగ వచ్చిందో, బండి వెళ్లిపోతుంది. నాకు నర్సింగ్ హోమ్ ముఖ్యం."

"నాకేం తొందర లేదమ్మా," అంటూ తుక్కు వ్యాపారి పక్కనున్న మూట మీద కూలబడబోయాడు.

"అది ఉతికిన మూట!"

నిప్పు తొక్కినట్టు లేచి నిలబడ్డాడు.

మరదలు వ్యాను చుట్టూ ఒకసారి తిరిగింది. "రాత్రి నుంచి ఎవరైనా స్టార్ట్ చేశారా బావా?"

"లేదు. ముట్టుకోనివ్వలేదు."

"బతికించావు. చల్లటి ఇంజనే మనకున్న సాక్షి. వేడెక్కిందా, రేపు పొద్దుటిదాకా నోరు విప్పదు."

"సాక్షులెందుకమ్మా, నేనున్నాగా!" గోడవారగా ముక్కాలిపీట మీద కూర్చుని దిండు గలీబులు మడతపెడుతున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. డీజిల్ బావ తండ్రి. వయసంతా లారీ నడిపిన మనిషి. ఇంజన్ల విషయంలో ఇంకొకరి మాట చెవిన వేసుకునే అలవాటు లేదు. "ఇంజను బోరుకొచ్చింది. రింగులు అరిగిపోయాయి. దూరం నుంచే చెప్పొచ్చు."

"రింగులు అరిగితే ఆయిలు కాలుతుంది మావయ్యగారూ. పొగ నీలంగా రావాలి. ఇది తెల్లగా వస్తోందిగా?"

"అయితే ఇంజన్లోకి నీళ్లు దిగుతున్నాయి."

"బావా, రేడియేటర్లో నీళ్లు తగ్గుతున్నాయా?"

"చుక్క తగ్గలేదు."

"పొగకి కళ్లు మండుతున్నాయా?"

"మండకేం? ఇస్త్రీ అమ్మాయిలంతా రోజూ నా పేరు చెప్పి ఏడుస్తున్నారు."

"అయితే అది కాలని డీజిలు. ఏదో ఒక సిలిండర్లో డీజిలు పడుతోంది, చలికి అంటుకోవట్లేదు." మరదలు చొక్కా చేతులు పైకి మడిచింది. "ముందు హీటర్ ప్లగ్గులు చూద్దాం."

హీటర్ ప్లగ్గంటే వేలెడంత కడ్డీ. బండి స్టార్టయ్యే ముందు సిలిండర్ని లోపలినుంచి వెచ్చబెడుతుంది. నాలుగు సిలిండర్లకి నాలుగు.

"వాటి జోలికి పోకు," అన్నాడు పెద్దాయన ఠక్కున. "ప్లగ్గులు భేషుగ్గా ఉన్నాయి. డీజిలు చిమ్మే నాజిళ్లు చూసుకో."

మరదలు వినిపించుకోలేదు. నాలుగు ప్లగ్గుల్నీ కలిపే పట్టీ విప్పి, టెస్ట్ ల్యాంపు ఒకదాని తర్వాత ఒకటిగా ఆనించింది. మొదటిదానికి వెలిగింది. రెండోదానికి వెలిగింది. మూడు, నాలుగు కూడా దీపావళిలా వెలిగాయి.

"చెప్పానా!" పెద్దాయన తొడ చరిచాడు.

డీజిల్ బావ మనసులో లెక్క వేసుకున్నాడు. ప్లగ్గు కాకపోతే నాజిల్. ఈ వయసు బండికి నాజిల్ దొరకాలంటే ఎక్కడెక్కడో వాకబు చెయ్యాలి. గంట కాదు, వారాలు పడుతుంది. తుక్కు వ్యాపారి మెల్లగా లారీ వైపు నడిచాడు.

"ఎక్కడికండీ అప్పుడే?" అంది మరదలు పట్టీ మళ్లీ బిగిస్తూ. "అక్కా, దుప్పట్లు తీయించు. స్టార్ట్ చేస్తున్నా."

భార్య ఒక్క కేక పెట్టింది. ఇస్త్రీ గదిలోంచి ఆడవాళ్లంతా పరిగెత్తుకొచ్చి తీగల మీది దుప్పట్లు లాగి, గుండెలకి హత్తుకుని లోపలికి పరుగు తీశారు. డీజిల్ బావ సీట్లో కూర్చున్నాడు. మరదలు వేళ్లు పక్కనున్న నీళ్ల బకెట్లో ముంచి, ఇంజను మీదికి వంగింది.

"నేను ఆపమనగానే ఆపెయ్యాలి బావా. ఇంజను వేడెక్కకూడదు. ఊఁ, తిప్పు."

మీటర్ల మధ్య చిన్న దీపం ఆరేదాకా ఆగి, తాళం తిప్పాడు. ఇంజను దగ్గింది, వణికింది, కుంటుకుంటూ అందుకుంది. వెనక తెల్లటి పొగ గోడలా లేచింది. అద్దంలో తుక్కు వ్యాపారి మాయమయ్యాడు, గేటు మాయమైంది, నాన్న మాయమయ్యాడు. ఇంజను దగ్గర మరదలు మాత్రం కదల్లేదు. పొగ బయటికి పోయే గొట్టాల మీద తడి వేళ్లు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూస్తోంది.

"ఆపెయ్!"

ఇంజను ఆగింది. మరదలు దగ్గుతూ తలెత్తింది, కళ్లలో నీళ్లు, ముఖంలో నవ్వు.

"బావా, దిగి రా. చెయ్యి పెట్టు. ఇది ఒకటో సిలిండర్ గొట్టం, వెచ్చగా ఉందా? రెండోది? చివర నాలుగోది?"

"ఉంది... ఉంది... ఉంది."

"ఇప్పుడిది."

మూడో గొట్టం రాత్రంతా పెరట్లో వదిలేసిన ఇనుములాగే ఉంది.

"మూడింట్లో మంట పుట్టింది. దీన్లో పుట్టలేదు. దొంగ ఈ ఇంట్లోనే ఉన్నాడు."

"నాజిలే!" అని అరిచాడు పెద్దాయన పొగలోంచి.

"కావచ్చు. ముందు సోదా చెయ్యనివ్వండి."

రెండో సిలిండర్ ప్లగ్గూ, మూడోదాని ప్లగ్గూ విప్పి బయటికి తీసింది. రెండోదాన్ని పటకారుతో పట్టుకుని, తీగలతో బ్యాటరీకి కలిపింది. నాలుగు మాటలు మాట్లాడేలోపు దాని కొస ఎర్రగా రాజుకుంది. దాన్ని పక్కన పెట్టి, మూడోదాన్ని కలిపింది. అందరూ మెడలు చాచారు. కొస నల్లగానే ఉంది. ఇంకాసేపు చూశారు. అయినా నల్లగానే ఉంది.

"మరి ఇందాక టెస్ట్ ల్యాంపు వెలిగిందిగా?" అన్నాడు డీజిల్ బావ.

"కరెంటు పోతోంది, అందుకే వెలిగింది. కాకపోతే చాలినంత వేడి పుట్టట్లేదు." మరదలు చేతికందిన గుడ్డతో ప్లగ్గు మీది మసి తుడిచింది.

"దుప్పటితోనా!" భార్య కెవ్వుమంది.

"వెనక్కొచ్చిందేగా, మళ్లీ ఉతకాల్సిందేగా." వెలుతురుకి ఎదురుగా పట్టుకుంది. నవ్వు ఆగిపోయింది. "ఇదేంటి? ఇరవై నాలుగు వోల్టులని ఉంది. మన బ్యాటరీ పన్నెండు. ఇది ఈ బండిది కాదక్కా, లారీ ప్లగ్గు. మరలు సరిపోయాయి, పొడుగు సరిపోయింది, పైకి చూస్తే కవల పిల్లలే. సగం కరెంటుకి ఇది వెచ్చబడేదెప్పుడు, డీజిలు అంటుకునేదెప్పుడు? ఎండాకాలంలో ఎలాగో నెట్టుకొచ్చింది, చలి రాగానే బయటపడింది."

లారీ అన్న మాట వినగానే డీజిల్ బావకి విషయం అర్థమైంది. ఆ ఇంట్లో లారీ సామాను ఒక్కచోటే ఉంది, నాన్న మంచం కింద పెట్టెలో. ఎండాకాలం మొదట్లో తను జ్వరంతో పడుకున్న రోజులు గుర్తొచ్చాయి. అంతకుముందు వ్యాను స్టార్టవడానికి మొరాయిస్తుండేది. లేచి వచ్చేసరికి దారికొచ్చింది. ఎలాగని అడగలేదు, సంతోషపడి ఊరుకున్నాడు.

మరదలు తన సంచీలోంచి సరైన ప్లగ్గు తీసి మూడో సిలిండర్లో పెట్టింది. రెండోదాన్ని దాని చోట బిగించింది. "తిప్పు బావా."

చిన్న దీపం ఆరింది. తాళం తిరిగింది. ఇంజను మొదటి మాటకే అందుకుంది, కుంటలేదు. వెనక సన్నటి ఊదర ఒకటి లేచి, గాలిలో కలిసిపోయింది.

భార్య పెద్దాయన ముందున్న దొంతరలోంచి తెల్లటి దిండు గలీబు ఒకటి తీసుకుని వ్యాను వెనక్కి నడిచింది. సైలెన్సర్ ముందు రెండు చేతులా పరిచి పట్టుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. తీసి వాసన చూసింది. నమ్మకం కుదరక మళ్లీ చూసింది.

"ఏవండీ, మిమ్మల్నే," అంది తుక్కు వ్యాపారితో. "ఆ కొక్కెం తీసెయ్యండి."

డీజిల్ బావ స్టీరింగు మీద తల ఆన్చాడు. ఇప్పుడు నిజంగానే ముక్కు చీదాల్సొచ్చింది.

"జలుబా బావా?" అంది మరదలు కిటికీలోంచి.

కానీ భార్య అక్కడితో వదిలిపెట్టే మనిషి కాదు. నడుం మీద చేతులు పెట్టుకుని పెరటి మధ్య నిలబడింది. "నెలల తరబడి నా దుప్పట్లు పాడయ్యాయి. నర్సింగ్ హోమ్ ముందు నా పరువు పోయింది. మామూలు ప్లగ్గు ఉండాల్సిన చోట లారీ ప్లగ్గు దానంతటది నడిచి రాదుగా. ఎవరు పెట్టారు?"

డీజిల్ బావ వ్యాను దిగాడు. నాన్న వైపు చూడలేదు. ఈ వయసులో ఆయన్ని కోడలి ముందు, పనివాళ్ల ముందు నిలబెట్టడం అతని వల్ల కాదు. వ్యాను దక్కింది, ఆ సంతోషంలో ఎన్ని తిట్లైనా పడొచ్చు.

"నేనే," అన్నాడు. "నేనే విప్పి, నేనే పెట్టాను."

"మీరా?"

ముక్కాలిపీట కిర్రుమంది. పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఒళ్లోని గలీబులు నేలపాలయ్యాయి.

"వీడా? ప్లగ్గు ఎటు తిప్పితే ఊడుతుందో తెలుసా వీడికి? వీడు ముక్కుతూ మూలుగుతూ మంచం మీద ఉంటే, నీ బండి స్టార్టవ్వక నువ్వు తల పట్టుకు కూర్చుంటే, ఇన్నేళ్లు దాచుకున్న కొత్త ప్లగ్గు పెట్టెలోంచి తీసి, ఒక్కరి సాయం లేకుండా, ఒక్క మర చెడకుండా బిగించింది వీడా? చాల్లే! నేనమ్మాయ్! ఆ ప్లగ్గు పెట్టింది నేను!"